పాత లయనెల్ రైలుకు కరెంటు ఎక్కడ పోతోంది?

1950ల నాటి అమెరికన్ లయనెల్ బొమ్మ రైలు, బల్ల మీద పరిచిన దాని పట్టాల లేఅవుట్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో ఉన్నంతసేపూ ఇంజిన్ హుషారుగా లాగుతుంది. బల్ల అవతలి మూలకు వెళ్లేసరికి నీరసపడుతుంది, పెట్టెల్లో దీపాలు ఎర్రబారతాయి, ఒక్కోసారి మలుపు మధ్యలోనే నిలబడిపోతుంది. ఇంజిన్‌ను పక్కకు తీసి అక్కడ మల్టీమీటర్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నట్టే 18 వోల్టులు కనిపిస్తాయి. "కరెంటు బాగానే వస్తోంది, ఇంజినే పోయింది" అని తేల్చేసి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మామూలుగా జరిగేది. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. మీటర్ చూపిన 18 నిజమే, కాకపోతే అది ఇంజిన్ లేనప్పటి 18. రైలు కరెంటు లాగుతున్నప్పుడు అక్కడ ఎన్ని వోల్టులు మిగులుతున్నాయో ఎవరూ చూడలేదు.

పల్లెల్లో బోరు మోటార్లు వాడినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ పుష్కలంగా ఉంటుంది, లైను చివర మోటారు మాత్రం మూలుగుతూ తిరగదు. బొమ్మ రైలు బల్ల మీద జరిగేదీ అదే, చిన్న కొలతలో.

లయనెల్ కంపెనీని న్యూయార్క్‌లో 1900లో జాషువా లయనెల్ కోవెన్ పెట్టాడు. 1945 నుంచి 1969 దాకా ఆ పేరుతో వచ్చిన సరుకును సేకర్తలు పోస్ట్‌వార్ అంటారు. అమెరికాలో గరాజ్ సేల్స్‌లోనూ, పెన్సిల్వేనియాలోని యార్క్‌లో ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో జరిగే బొమ్మ రైళ్ల సంతలోనూ ఇవి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో క్రిస్మస్ సెలవులకు పిల్లల కోసం కొన్న పాత సెట్ బేస్‌మెంట్‌లో పెద్ద లేఅవుట్‌గా పెరగడమూ, తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు ఇక్కడికి చేరడమూ మామూలే. ఆ రెండో సందర్భంలో కొత్త తిరకాసు ఒకటి ఎదురవుతుంది, దాని సంగతి చివర్లో.

ఈ రైళ్లు నడిచేది ఏసీ మీద, మూడు పట్టాల ట్రాక్ మీద. మధ్య పట్టా హాట్, అంటే కరెంటు వచ్చే దారి. ఇంజిన్ అడుగున ఉండే రోలర్ దాన్ని తాకుతూ కరెంటు తీసుకుంటుంది. చక్రాల గుండా పక్క పట్టాలకు చేరి కరెంటు వెనక్కి పోతుంది. పక్క పట్టాలు రెండూ ఇనుప స్లీపర్ల ద్వారా ఒకదానికొకటి కలిసే ఉంటాయి, మధ్య పట్టా కింద మాత్రం ఇన్సులేటింగ్ ఫైబర్ ముక్క ఉంటుంది. దీనివల్ల ఒక ముఖ్యమైన తేడా వస్తుంది. తిరిగి వెళ్లే దారికి రెండు పట్టాలున్నాయి, ఒక జాయింట్ చెడినా రెండోది మోస్తుంది. వచ్చే దారికి ఉన్నది ఒక్క పట్టా, ప్రతి జాయింట్‌లో ముక్కను ముక్కకు కలిపే ఒక్క పిన్ను. అందుకే వోల్టేజీ ఎక్కడో పడిపోతోందంటే ముందు అనుమానించాల్సింది మధ్య పట్టా పిన్నులనే.

లోడ్ పెట్టి కొలవడం

మీటర్‌కు కరెంటు దాదాపు అక్కర్లేదు. తుప్పు పొర మీదుగా సన్నగా తాకుతున్న పిన్ను కూడా దానికి పూర్తి వోల్టేజీ చూపించగలదు. ఇంజిన్‌కు మాత్రం 2 ఆంపియర్ల దాకా కావాలి. రెండు మోటార్లున్న ఎఫ్3 డీజిల్ ఇంజిన్, వెనక దీపాలు వెలిగే నాలుగు ప్యాసింజర్ పెట్టెలు ఉంటే 5 ఆంపియర్లు కూడా అవసరం కావచ్చు. కాబట్టి కొలిచేటప్పుడు పట్టాల మీద రైలంత కరెంటు లాగే లోడ్ ఒకటి కదలకుండా ఉండాలి.

ఇందుకు బల్బును మించింది లేదు. అమెరికాలో ఏ ఆటో పార్ట్స్ షాపులో అడిగినా 1156 నంబర్ బల్బు దొరుకుతుంది, అది 12.8 వోల్టుల దగ్గర 2.1 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండింటిని సిరీస్‌లో కలిపితే ట్రాక్ వోల్టేజీని తట్టుకుంటాయి. మన దగ్గర లారీ హెడ్‌లైట్‌కు వాడే 24 వోల్టుల బల్బు ఒక్కటి చాలు, దాని 70 వాట్ల ఫిలమెంట్ ట్రాక్ వోల్టేజీ మీద 2 ఆంపియర్లకు కాస్త పైన లాగుతుంది. బల్బు బాగా వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్ ఇళ్లకు, గడ్డి పరిచిన చోట్లకు దూరంగా ఉంచాలి.

బల్బును ఫిర్యాదు ఉన్న మూలన మధ్య పట్టాకు, పక్క పట్టాకు తగిలించి ట్రాన్స్‌ఫార్మర్‌ను 16 వోల్టుల దగ్గర పెడితే అసలు బొమ్మ కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు వైర్లు బిగించే పోస్టుల దగ్గర 16 అలాగే ఉండి, బల్బు దగ్గర 12 వచ్చిందనుకుందాం. ఆ 4 వోల్టులు గాల్లో కలిసిపోలేదు, దారిలో ఏదో ఒక చోట, లేదా కొద్దికొద్దిగా పది చోట్ల కూర్చుని ఉన్నాయి. మీటర్ కొసలు రెండింటినీ జాయింట్‌కు అటూ ఇటూ ఒకే పట్టా మీద పెడితే ఆ జాయింట్ ఎంత మింగుతోందో నేరుగా తెలుస్తుంది. మంచి జాయింట్ దగ్గర మిల్లీవోల్టుల లెక్కే వస్తుంది. అర వోల్టు, వోల్టు కనిపించిన చోట దొంగ దొరికినట్టే. కాసేపటికి దానిమీద వేలు పెడితే వెచ్చగా కూడా తగలవచ్చు.

మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి జాయింట్లు పరీక్షించడం సులువనిపిస్తుంది కానీ ఇక్కడ అది పనికిరాదు. చవక మీటర్ల వైర్లకే 0.2 ఓమ్ పైచిలుకు ఉంటుంది, వెతుకుతున్న లోపమేమో 0.1 ఓమ్. అంత చిన్నదాన్ని ఎందుకు పట్టించుకోవాలంటే, గుండ్రని దారిలో ఇవి ఒకదాని వెనక ఒకటి కూడుతూ పోతాయి. ఓ గేజ్ ట్రాక్ ముక్క పొడవు 10 అంగుళాలు. 10 అడుగులకు 12 జాయింట్లు. ఒక్కోటి 0.1 ఓమ్ తింటే 1.2 ఓమ్, 2 ఆంపియర్ల ఇంజిన్‌కు 2.4 వోల్టులు నష్టం. ఒక్క జాయింట్‌ను చూస్తే ఏ తప్పూ కనిపించదు, అన్నీ కలిసి రైలును ఆపేస్తాయి.

లూప్ దాచిపెట్టే లోపం

ట్రాక్ గుండ్రంగా కలిసే లూప్ అయితే ఇంకో మెలిక ఉంది. ఒక్క లాకాన్‌తో, అంటే వైర్లను పట్టాలకు కలిపే క్లిప్పుతో, కనెక్షన్ ఇచ్చినా కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది. మధ్య పట్టాలో ఒక జాయింట్ పూర్తిగా తెగిపోయినా రైలు నడుస్తూనే ఉంటుంది, అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి కరెంటు అందుతుంది కనుక. కాస్త నెమ్మదిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకు ఇంకో జాయింట్ చెడుతుంది. ఆ రెండింటి మధ్య భాగం ఒక్కసారిగా చచ్చిపోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది" అంటూ కొత్తగా చెడిన చోటే వెతికి, ఒక జాయింట్ బాగు చేయగానే రైలు కదిలితే పని అయిపోయిందని వదిలేస్తారు. పాతది అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే లూప్‌లో ఒక లోపం దొరికాక కూడా మిగతా జాయింట్లన్నీ లోడ్ మీద చూడాలి. అనుమానం తీరకపోతే లూప్‌ను లాకాన్ పక్కనే ఒక చోట విప్పేసి ఒకే వైపు నుంచి కరెంటు పంపి కొలిస్తే దాగినది బయటపడుతుంది.

బాగు చేయడం పెద్ద పనేమీ కాదు. తుప్పు పట్టిన పిన్నును కటింగ్ ప్లయర్‌తో పీకి కొత్తది పెట్టాలి, వదులైన పట్టా నోటిని ప్లయర్‌తోనే కొద్దిగా నొక్కి బిగించాలి. పట్టాల పైభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే నల్ల మురికి పోతుంది, మొండి మురికికి గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ సరిపోతుంది. ఉప్పు కాగితం వద్దు. ఈ పట్టాలు తగరం పూత పూసిన ఉక్కు, పూత గీక్కుపోతే తుప్పు త్వరగా వస్తుంది. ఇనుప పీచు అయితే అసలు దగ్గరికి రానివ్వకూడదు. 1950 నుంచి లయనెల్ కొన్ని ఇంజిన్లకు మాగ్నెట్రాక్షన్ పేరుతో అయస్కాంతం పెట్టింది, చక్రాలు ఉక్కు పట్టాను గట్టిగా పట్టుకోవడానికి. రాలిన ఇనుప పీచు పోగులన్నీ ఆ అయస్కాంతమే ఏరుకుంటుంది. అవి మోటారులోకి, రోలర్ దగ్గరికి చేరి షార్ట్ చేస్తాయి. శుభ్రం చేయబోయి కొత్త జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

లాకాన్ క్లిప్పులూ ఇదే కోవ. 1 నంబర్ క్లిప్ మధ్య పట్టాకు, 2 నంబర్ పక్క పట్టాకు. స్ప్రింగ్ కింద వైరు పట్టుకునే చోట పచ్చగా చిలుము పడితే అక్కడే ఒక వోల్టు పోతుంది. బల్ల మీద శాశ్వతంగా బిగించిన లేఅవుట్‌కు లాకాన్ల మీద ఆధారపడడం కంటే పట్టాల అడుగున వైరు సోల్డర్ చేయడమే మేలు. ప్రతి ఆరేడు అడుగులకు ఒక ఫీడర్ వైరు దించి, బల్ల కింద నడిచే లావు వైరుకు కలిపితే పిన్నుల బాధ సగానికి సగం తీరుతుంది.

ఆ లావు వైరు ఎంత లావుండాలన్న దానికి లెక్క తేలికే. ట్రాన్స్‌ఫార్మర్‌కు 30 అడుగుల దూరంలో రైలు ఉంటే కరెంటు రానూపోనూ 60 అడుగులు ప్రయాణిస్తుంది. కాలింగ్ బెల్‌కు వాడేలాంటి 18 గేజ్ వైరులో, అంటే దాదాపు 0.8 చదరపు మిల్లీమీటర్లలో, ఆ పొడవుకు 0.38 ఓమ్. 5 ఆంపియర్లకు 1.9 వోల్టులు గాలికి పోయినట్టే. 14 గేజ్‌లో నష్టం ముప్పావు వోల్టుకు తగ్గుతుంది. మన షాపుల్లో 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగ్ వైరు అడిగితే నిశ్చింత.

ఇంజిన్ మీద పడే నింద

రైలు ఒకే చోట ఆగి, గుర్రుమంటూ కదలకుండా నిలబడితే నేరం దాదాపు ఎప్పుడూ ఇంజిన్ మీదకే పోతుంది. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. దీపం వెలుగుతోంది, లోపల ఏదో మోగుతోంది, చక్రం తిరగదు. ఇందులో ఈ-యూనిట్ పాత్ర తెలియకపోతే మోటారు విప్పి నష్టపోతారు.

ఈ-యూనిట్ అంటే ఇంజిన్‌లో దిశ మార్చే చిన్న మీట. సొలినాయిడ్ అనే వైరు చుట్ట అయస్కాంతంలా పైకి లాగి పట్టుకున్న ప్లంజర్, అంటే చిన్న ఇనుప కడ్డీ, కరెంటు పోగానే కిందికి జారుతుంది, మళ్లీ రాగానే పైకెగిరి ఒక డ్రమ్మును ఒక మెట్టు తిప్పుతుంది. వరుస ఇలా నడుస్తుంది: ముందుకు, న్యూట్రల్, వెనక్కి, మళ్లీ న్యూట్రల్. ట్రాక్‌లో ఒక్క చోట రెప్పపాటు కరెంటు తెగినా ఈ-యూనిట్ దాన్ని డ్రైవర్ ఆజ్ఞగానే తీసుకుంటుంది, ఇంజిన్ న్యూట్రల్‌లోకి పోతుంది. ఆ గుర్రు సొలినాయిడ్‌ది.

తేల్చుకోవడానికి ఇంజిన్ మీద ఉండే చిన్న లీవర్ చాలు. ఇంజిన్ ముందుకు నడుస్తుండగా ఆ లీవర్‌ను తిప్పితే సొలినాయిడ్‌కు కరెంటు ఆగిపోయి డ్రమ్ము ఉన్నచోటే ఉండిపోతుంది. ఇప్పుడు అదే చోటు మీదుగా పంపితే రైలు ఒక్క క్షణం తడబడి ముందుకు సాగిపోతుంది. తడబడిన చోటే ట్రాక్ లోపం. ఎక్కడా తడబాటు లేకుండా వెళ్లిందంటే ఈ-యూనిట్‌లో డ్రమ్మును తాకే కాంటాక్టు వేళ్లు అరిగాయేమో చూడాలి. చీకట్లో నడిపితే రోలర్ దగ్గర మెరుపులు చూసి కూడా చోటు పట్టవచ్చు. రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే టర్నౌట్ల మీద మాత్రం తీర్పు జాగ్రత్తగా ఇవ్వాలి. పట్టా విడిపోయే చోట మధ్య పట్టా సహజంగానే తెగి ఉంటుంది, రోలర్లు దగ్గరదగ్గరగా ఉన్న పొట్టి ఇంజిన్ అక్కడ ఆగడం ట్రాక్ చెడిపోవడం వల్ల కాకపోవచ్చు.

022 రకం టర్నౌట్లకు ఒక మంచి సదుపాయం ఉంది. విడిగా స్థిరమైన వోల్టేజీ ఇవ్వడానికి పక్కన చిన్న ప్లగ్ ఉంటుంది. దాన్ని వాడకపోతే టర్నౌట్ తన కరెంటును ట్రాక్ నుంచే తీసుకుంటుంది. రైలు నెమ్మదిగా పోతున్నప్పుడు టర్నౌట్ మొరాయించడం, టర్నౌట్ కొట్టినప్పుడు రైలు కుదుపు తినడం, రెండూ దీనివల్లే. ప్లగ్ పెడితే రెండూ పోతాయి.

షార్ట్‌ను సగాలు చేసి పట్టడం

ట్రాన్స్‌ఫార్మర్ ఎర్ర దీపం వెలిగించి బ్రేకర్ పడిపోతుంటే వెతకాల్సిన పద్ధతి వేరు. మోటారు వైండింగ్ షాపుల్లో గోడకు వేలాడే సిరీస్ బల్బు ఇక్కడ అక్కరకొస్తుంది. ఇందాకటి లారీ బల్బునే ట్రాన్స్‌ఫార్మర్ హాట్ పోస్టుకు, ట్రాక్‌కు వెళ్లే వైరుకు మధ్యన సిరీస్‌లో పెట్టాలి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు మాత్రం 2 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. బ్రేకర్ పడదు, ఏదీ కాలదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ముందు రైళ్లన్నీ పట్టాల మీంచి తీసేయాలి. బల్బు ఆరిపోతే నేరం ఏదో పెట్టెదో, ఇంజిన్‌దో. ఆరకపోతే ఫీడర్లను సగం విప్పాలి, తర్వాత మిగిలినదాంట్లో సగం. చివరికి మిగిలే ముక్కలో సాధారణంగా దొరికేది మధ్య పట్టా కింద నలిగి చిరిగిపోయిన ఫైబర్ ముక్కే. ఎన్నో ఏళ్లుగా స్లీపర్ అంచు దాన్ని కోస్తూ ఉంటుంది. లేదంటే బల్ల మీద జారిపడిన ఒక మేకు. ఇంకో రకం షార్ట్ రైలు కదిలేటప్పుడే వస్తుంది. ఒక పెట్టె చక్రాల సెట్ వంగిపోయి టర్నౌట్ దగ్గర మధ్య పట్టాను తాకుతుంది. బల్బు ఉంచే రైలును చేత్తో తోస్తే అది టప్పున వెలిగే చోటు తెలిసిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వస్తే

ఇంత వెతికాకే ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించాలి. ఒక్క మినహాయింపు, దాని పవర్ కార్డు. అప్పటి రబ్బరు ఎండి, వంచితే చిట్లి, లోపలి రాగి కనిపిస్తుంటే ప్లగ్ పెట్టకముందే మార్చేయాలి. పాతికేళ్లు అటక మీద పడి ఉన్నదాన్ని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్ వైపు కూడా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి, ట్రాక్ వైర్లు విప్పేసి చూడాలి. బల్బు ఓసారి మెరిసి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే వైండింగ్‌లో షార్ట్. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ప్రైమరీకి, అవుట్‌పుట్ పోస్టులకు మధ్య ఇన్సులేషన్ చూపించుకుంటే ఇంకా మంచిది. మెయిన్స్‌కూ పిల్లలు తాకే పట్టాలకూ మధ్య ఉన్నది ఆ ఇన్సులేషన్ ఒక్కటే.

లయనెల్ ట్రాన్స్‌ఫార్మర్లలో పెద్దన్న జెడ్‌డబ్ల్యూ. 1948 నుంచి 1966 దాకా వచ్చింది. పేరు పలక మీద 275 వాట్లు అని ఉంటుంది కానీ అది గోడ నుంచి తీసుకునే లెక్క, పట్టాలకు అందేది అంతకంటే బాగా తక్కువ. ఏ, బి, సి, డి అని నాలుగు అవుట్‌పుట్లు, వాటన్నిటికీ యు కామన్, అంటే కరెంటు తిరిగొచ్చే ఉమ్మడి పోస్టు. ఏ, డి హ్యాండిళ్లకు విజిల్, దిశ మార్చే లీవర్లు ఉంటాయి. బి, సి లకు ఉండవు. ఈ తేడా ఉచితంగా దొరికిన పరీక్ష. ఏ మీద రైలు నీరసంగా ఉంటే ఆ వైరును విప్పి బి కి తగిలించాలి. అక్కడ బాగా నడిస్తే లోపం ఏ కు ఉన్న లీవర్ కాంటాక్టుల్లో, దాని రోలర్‌లో ఉంది. బి మీద కూడా అంతే అయితే మళ్లీ ట్రాక్ వైపే చూడాలి.

మూత విప్పితే లోపల రాగి చుట్ల మీద ఇన్సులేషన్ గీసేసిన పట్టీ కనిపిస్తుంది, దాని మీద చిన్న కార్బన్ రోలర్లు తిరుగుతుంటాయి. హ్యాండిల్ ఎంత తిప్పితే రోలర్ అంత ఎక్కువ చుట్ల మీదికి జరుగుతుంది. రోలర్ కార్బన్‌దే ఎందుకన్నది ఆలోచించదగ్గ విషయం. ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు జరిగేటప్పుడు అది రెండింటినీ ఒకేసారి తాకుతుంది, అంటే ఆ క్షణం ఒక చుట్టు షార్ట్ అయినట్టే. కార్బన్‌కున్న నిరోధం ఆ కరెంటును అదుపులో పెడుతుంది. అరిగిన రోలర్ బదులు "ఇత్తడిది అయితే కలకాలం మన్నుతుంది" అని ఎవరైనా లేత్ మీద చేసిస్తానంటే వద్దనాలి. ఇత్తడి రోలర్ ఆ చుట్టును కాల్చేస్తుంది. అరిగి గాడి పడిన కార్బన్ రోలర్లకు కొత్తవి ఇప్పటికీ దొరుకుతాయి. రాగి మీది నల్లమసిని ఆల్కహాల్ గుడ్డతో తుడవడమే, గీకడం కాదు.

విజిల్ ఆపకుండా మోగడం, లేదా అసలు మోగకపోవడం కూడా పవర్ సప్లై సమస్యే. ఇంజిన్ వెనక ఉండే బొగ్గు పెట్టె, అంటే టెండర్‌లోని విజిల్ రిలే డీసీకి మాత్రమే స్పందిస్తుంది. లీవర్ లాగినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఒక రెక్టిఫయర్ బిళ్లను దారిలోకి తెచ్చి ఏసీకి కాస్త డీసీ కలుపుతుంది, రైలు నెమ్మదించకుండా కొంత వోల్టేజీ కూడా పెంచుతుంది. మీటర్‌ను డీసీ మీద పెట్టి ట్రాక్‌కు తగిలిస్తే విషయం తేలుతుంది. లీవర్ వదిలినప్పుడు సున్నా దగ్గర ఉండాలి, లాగినప్పుడు వోల్టులు కనిపించాలి. వదిలినా డీసీ ఉంటే లీవర్ స్ప్రింగో, కాంటాక్టో ఇరుక్కుంది. లాగినా రాకపోతే బిళ్ల పోయింది, దాని చోట తగినంత కెపాసిటీ ఉన్న సిలికాన్ డయోడ్ వేస్తారు. పాత విజిల్ డయోడ్ దిశను పట్టించుకోదు. కొత్త ఎలక్ట్రానిక్ ఇంజిన్లు మాత్రం ఒక దిశను హారన్‌గా, రెండో దిశను బెల్‌గా తీసుకుంటాయి, తిరగేసి పెడితే హారన్ నొక్కితే గంట మోగుతుంది.

బ్రేకర్ చూడని షార్ట్

జెడ్‌డబ్ల్యూలో అన్నిటికంటే ప్రమాదకరమైన విషయం బయటికి కనపడదు. దాని బ్రేకర్ కామన్ దారిలో, అంటే యు వైపు ఉంటుంది. ట్రాక్ మామూలుగా షార్ట్ అయితే కరెంటు యు గుండా తిరిగి వస్తుంది, బ్రేకర్ పడుతుంది. కానీ మధ్య పట్టాను సందుతో విడదీసి ట్రాక్‌ను రెండు బ్లాకులు చేసి, ఒక బ్లాక్‌కు ఏ నుంచి 18 వోల్టులు, పక్క బ్లాక్‌కు డి నుంచి 10 వోల్టులు ఇచ్చి, రెండు రోలర్లున్న దీపాల పెట్టె సరిగ్గా ఆ సందు మీద ఆగిందనుకుందాం. పెట్టెలోని సన్నటి వైరు ద్వారా ఏ, డి కలిసిపోతాయి. వాటి మధ్య 8 వోల్టుల తేడా ఉంది, కరెంటు ఏ నుంచి బయల్దేరి డి గుండా కాయిల్‌లోకే తిరిగి పోతుంది. యు ను తాకనే తాకదు. బ్రేకర్‌కు ఈ సంగతి తెలియదు, పడదు. పెట్టెలోని వైరు మాడుతుంది, లేదంటే కార్బన్ రోలర్లు, చుట్లు. మాడిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యం.

దీనికి మందు చవక. ఏ, బి, సి, డి వైర్లలో ఒక్కోదానికి వేరే ఫ్యూజో, త్వరగా పడే బ్రేకరో పెట్టాలి. రైళ్లను బట్టి 7 నుంచి 10 ఆంపియర్లు సరిపోతుంది. 60 ఏళ్ల పైబడిన లోపలి బ్రేకర్ వేడెక్కి పడే రకం, వయసుతో మందకొడి అయి ఉంటుంది కాబట్టి ఇది మామూలు షార్ట్‌లకూ కాపలా. ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అనడంలో అతిశయం లేదు.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కామన్ కలిపి వాడితే ఫేజింగ్, అంటే రెండింటి ఏసీ ఒకేసారి పైకీ కిందికీ పోతోందా అన్నది కూడా చూడాలి. కామన్లు కలిపి, రెండింటినీ 12 వోల్టుల దగ్గర పెట్టి, రెండు హాట్ పోస్టుల మధ్య కొలవాలి. సున్నాకు దగ్గరగా వస్తే సరే. 24 వస్తే ఒకదాని ప్లగ్‌ను గోడలో తిరగేసి పెట్టాలి. తిరగేయకుండా నడిపితే ఇందాకటి సందు మీద 8 వోల్టుల బదులు 28 వోల్టుల తేడా నిలబడుతుంది. కొన్ని చిన్న మోడళ్లలో యు అన్న పోస్టు కామన్ కాకుండా మారే వోల్టేజీ వైపు ఉంటుంది. అక్షరాన్ని నమ్మి జెడ్‌డబ్ల్యూ యు తో కలిపితే లెక్క తలకిందులవుతుంది. హ్యాండిల్ తిప్పుతూ మీటర్‌తో చూసి, పోస్టుల జతలను కాగితం మీద రాసుకున్నాకే కలపాలి.

230 వోల్టుల ఇంట్లో

భారత్‌కు తెచ్చిన సెట్‌ను నేరుగా గోడలో పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలన్నది అందరికీ తెలుసు. జెడ్‌డబ్ల్యూకు 500 వీఏ రకం అయితే ఊపిరి ఆడుతుంది. తెలియకుండా దెబ్బతీసేది వోల్టేజీ కాదు, ఫ్రీక్వెన్సీ. అది 115 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు 50 హెర్ట్జ్. అదే వోల్టేజీ ఇస్తే కోర్‌లో, అంటే చుట్ల మధ్యనున్న ఇనుములో, అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. కోర్ సాచురేషన్‌కు, అంటే ఇక అంతకంటే అయస్కాంతం పట్టలేని స్థితికి, దగ్గరవుతుంది, రైలు లేకపోయినా ప్రైమరీ అదనపు కరెంటు లాగుతుంది. బయటికి కనిపించేది గట్టి హమ్ శబ్దం, ఊరికే ఉన్నా వేడెక్కడం. చాలామంది దీన్ని "పాతది కదా, అంతే" అని సరిపెట్టుకుంటారు.

వోల్టేజీని కూడా అదే దామాషాలో తగ్గిస్తే కోర్ కుదుటపడుతుంది. 115ను 60తో భాగించి 50తో గుణిస్తే 96 వస్తుంది. జపాన్ వస్తువుల కోసం అమ్మే 100 వోల్టుల స్టెప్‌డౌన్ దీనికి చాలా దగ్గర. 110 అని రాసి ఉన్నదాన్ని కొంటే, గోడలో 240 ఉన్న రాత్రిపూట అది 115 దాకా ఇస్తుంది, పూర్తిగా వద్దనుకున్న చోటికే చేరుస్తుంది. 100 వోల్టులతో జెడ్‌డబ్ల్యూ గరిష్ఠ అవుట్‌పుట్ 20 నుంచి 17 వోల్టుల చిల్లరకు తగ్గుతుంది. ఒక్క మోటారు ఇంజిన్లకు ఇది చాలు. బరువైన రైలుకు మాత్రం ఆ తగ్గిన 2.5 వోల్టులు తెలుస్తాయి, అందుకే ఇక్కడ జాయింట్లలో, వైర్లలో పోగొట్టుకోవడానికి అమెరికాలో ఉన్నంత వెసులుబాటు ఉండదు. ఫేజింగ్ కోసం ప్లగ్ తిరగేయడం మన మూడు పిన్నుల సాకెట్లో కుదరదు కాబట్టి, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు వాడేవాళ్లు రెండింటినీ ఒకే స్టెప్‌డౌన్ మీద రెండు పిన్నుల సాకెట్లలో పెట్టి, సరైన ఫేజ్ దొరికాక రెండు ప్లగ్‌లకూ ఒకే వైపు పెయింట్ చుక్క పెట్టుకోవాలి.